తుడిపేస్తానన్న టేపు

పెట్టిన ఉగ్గాని పెట్టినట్టే వెనక్కి వచ్చింది.

"మామయ్య ముట్టుకోను కూడా లేదు," అంది రమ్యశ్రీ, ప్లేటు వంటింటి గట్టు మీద పెట్టి. "కాఫీ కూడా చల్లారిపోయింది. మళ్ళీ కాచి ఇస్తానంటే వద్దని చెయ్యి ఊపినాడు."

సుదర్శన్ వంటింటి గడప దగ్గర నిలబడి హాల్లోకి చూశాడు. తండ్రి తిరుమలయ్య వీపు మాత్రమే కనిపిస్తోంది. ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. నుదుట బొట్టు పెట్టుకున్నాడు. అంగడికి పోయే మనిషికి కావలసినవన్నీ అయ్యాయి. తాళాలగుత్తి ఎదురుగా బల్ల మీదే ఉంది. ఆయన చెయ్యి మాత్రం దానివైపు పోవడం లేదు.

కర్నూలు పాత బజారులో తిరుమలయ్య పాత్రల అంగడి పండగనాడు కూడా ఒకపూట తెరిచి ఉండేది. ఆదివారం మధ్యాహ్నం దించిన షట్టరు ఇంతవరకూ లేవలేదు.

"అమ్మ ఫోన్‌లో మాట్లాడిందా?" అడిగాడు సుదర్శన్.

"కడప చిన్నమ్మ ఎత్తింది. 'అక్క పండుకోనుండాది' అని పెట్టేసింది."

"ఇంత పొద్దున్నే పండుకోవడమేంది?"

రమ్యశ్రీ అతని మొహంలోకి చూసింది. "నాతో కాదు, నీతో మాట్లాడటం ఇష్టం లేదు ఆమెకు. అది కూడా నేనే చెప్పాల్నా?"

సుబ్బరత్నమ్మ సోమవారం తెల్లవారుతూనే, ఒక సంచిలో రెండు చీరలు పెట్టుకుని, కడపలో ఉన్న చెల్లెలి ఇంటికి బస్సెక్కి పోయింది. కోడలితో చెప్పింది ఒక్కటే మాట. "ఆయనకు రాత్రి మాత్ర మరిచిపోవద్దు." కొడుకు మేడ మీద ఉన్నాడు. పిలవలేదు.

జరిగిందంతా ఒక్క ఆదివారం మధ్యాహ్నంలోనే జరిగిపోయింది. సుదర్శన్ ఏడాదిపాటు కష్టపడి తీసిన నలభై నిమిషాల సినిమా, 'నీళ్ళ వేళ', ఊరి కేబుల్ చానెల్లో వచ్చింది. మునిసిపల్ కొళాయి కాడ బిందెలు పెట్టుకుని కాచుకునే ఆడవాళ్ళ కథ. డిస్కు తీసుకుపోయి కేబుల్ ప్రకాశం చేతిలో పెట్టింది సుదర్శనే. "మనూరోడి సినిమా అని కింద పేరెయ్యన్నా," అని అడిగి మరీ ఇచ్చాడు. గర్వంతో కళ్ళు మూసుకుపోయి, ఆ సినిమా చివర్లో ఉన్న మొహాన్ని బజారంతా ఎరుగుదురని అతనికి తోచనేలేదు.

తిరుమలయ్య పక్క అంగట్లో కూర్చుని చూశాడు. కొడుకు సినిమా కదా అని పదిమందిని తనే పిలిచాడు. చివరికొచ్చేసరికి తెర మీద తన వంటిల్లు కనిపించింది. తన భార్య కందిబ్యాళ్ళు ఏరుతూ, తల ఎత్తకుండా చెప్పింది:

"ఈ ఇంటికొచ్చి ముప్పై ఏండ్లు దాటింది. నీకేం కావాలని ఒక్కరోజన్నా అడిగిన మనిషి కాదు. అంగట్లో అమ్ముడుపోని బిందె మాదిరి ఒక మూల ఉండాను."

ఆ తర్వాత ఎవరో నవ్వారంట. "ఏమప్పా తిరుమలయ్యా, ఆ బిందె యాడ పెట్టినావు? మేం కొంటాం గదా!"

ఆయన లేచి వచ్చి షట్టరు దించేశాడు.

"ఒక మాట చెప్తా వింటావా?" రమ్యశ్రీ గొంతు తగ్గించింది. "అది యాక్టింగ్ అని చెప్పు."

"ఏది?"

"అత్తమ్మ అనిన మాట. నువ్వే రాసిచ్చినావు, ఆమె చెప్పింది. సినిమాలో అందరూ అట్లే చెప్తారు కదా. మామయ్య నమ్ముతాడు. నమ్మాలని కూర్చోనుండాడు ఆయన."

"అది అబద్ధం కదా."

"నిజం చూపించి ఏం బాగు చేసినావు?"

అంతలో హాల్లోంచి తండ్రి గొంతు వినబడింది. ఆదివారం తర్వాత ఆ గొంతు కొడుకును పిలవడం అదే మొదలు.

"సుదర్శనూ. ఇట్ల రా."

పోయి ఎదురుగా నిలబడ్డాడు. తిరుమలయ్య అతని మొహం చూడలేదు. తాళాలగుత్తినే చూస్తూ అడిగాడు.

"ఒగటి అడుగుతా. ఆ మాట మీ అమ్మ అనిందా? నువ్వు అనిపించినావా?"

సుదర్శన్‌కు తండ్రి మెడ మీద గడ్డం సరిగ్గా గీసుకోని చోట నాలుగు తెల్ల వెంట్రుకలు కనిపించాయి. ఆయన ఎప్పుడూ అట్లా వదిలేసే మనిషి కాదు.

"నేనే రాసిచ్చినా నాయనా."

"నువ్వు రాసినావా?"

"ఊ."

"బిందె మాట కూడానా?"

"అది కూడా. కథలో ఆయమ్మ అట్ల చెప్పాల. అందుకని అమ్మతో చెప్పించినా."

తిరుమలయ్య తల ఎత్తాడు. కొడుకు మొహంలో ఏదో వెతికాడు. సుదర్శన్ కళ్ళు దించకుండా నిలబడ్డాడు. అంత గట్టిగా నిలబడగలనని అతనికే తెలియదు.

"మరి ఆమె ఏమిటికి పోయింది కడపకు?"

"నలుగురూ నవ్వినారని సిగ్గుపడింది నాయనా."

"పిచ్చిది," అన్నాడు తిరుమలయ్య. ఆయన భుజాలు ఒక్కసారిగా కిందికి దిగాయి. "నిజంగా అన్నట్టే ఉండాదప్పా. నా ప్రాణం యాడికో పోయింది. మీ అమ్మలో ఇంత ఉండాదని ఎవరికి తెలుసు?" నవ్వాడు. నవ్వుతుంటే కళ్ళు తడిసాయి. కండువా కొనతో తుడుచుకున్నాడు. "రమ్యా, ఆ ఉగ్గాని ఇట్ల తేమ్మా. చల్లగుంటే ఉండనీ."

ప్లేటంతా ఖాళీ చేశాడు. తాళాలు తీసుకుని, మెట్లు దిగుతూ ఎదురింటి ఆయన్ను పిలిచి మరీ చెప్పాడు. "యాక్టింగంటప్పా అది! మావాడు రాసినాడంట!"

రమ్యశ్రీ ఖాళీ ప్లేటు తీసుకుని వంటింట్లోకి పోయింది. తను చెప్పమన్న మాటే చెప్పాడు. అయినా ఆమె మొగుడి వైపు చూడలేకపోయింది.

*

స్నేహితుడు ప్రదీప్‌కుమార్‌కు కొత్త బస్టాండు దగ్గర పెండ్లి వీడియోల స్టూడియో ఉంది. సినిమా ఎడిటింగ్ అంతా అతని కంప్యూటర్‌లోనే జరిగింది. పెండ్లి క్యాసెట్లలో పూలు రాల్చడానికి, గుండె బొమ్మలో పెండ్లికూతుర్ని చూపడానికి అతని దగ్గర పాత సాఫ్ట్‌వేర్ ఒకటి ఉండేది. సుదర్శన్ దానితో సరిపెట్టుకోలేదు. పూలూ గుండెలూ వద్దు, ఒక్కొక్క ఫ్రేము లెక్కన కోయగలిగేది కావాలని పట్టుబట్టి కొత్తది తెప్పించాడు. ఆ మధ్యాహ్నమే అక్కడికి పోయాడు.

"ఆ రోజు తీసిందంతా కావాల ప్రదీపూ. అమ్మ వంటింట్లో మాట్లాడింది. పూర్తిగా."

ప్రదీప్ కుర్చీ తిప్పి కూర్చున్నాడు. "పూర్తిగా యాడుంది?"

"కంప్యూటర్‌లో?"

"ఒక గంట టేపు ఎక్కిస్తే హార్డ్‌డిస్కు ఎంత తింటుందో నీకు తెలీదా? స్థలం చాల్లేదని, వాడనిదంతా తీసేయమని చెప్పింది ఎవరు? నువ్వే పక్కన కూర్చోని తీయించినావు."

"టేపు?"

"ఆ టేపు మీదే కదా మళ్ళీ కొళాయి కాడ జనాన్ని తీసింది. కొత్త టేపు వచ్చేదాకా ఆగుదామంటే, వెల్తురు పోతాందని తొందర చేసినావు."

సుదర్శన్ తల పట్టుకున్నాడు. తెలియక అడగలేదు. తెలిసే అడిగాడు.

పోయిన వేసవిలో హైదరాబాద్ నుంచి రెండు కెమెరాలు అద్దెకు తెచ్చి ఇద్దరూ పోల్చి చూశారు. ఒకటి భుజం మీద పెట్టుకునే పెద్దది. ఇంకొకటి చేతిలో ఇమిడేది. వెల్తురును పట్టే మూడు చిప్పులు, సినిమా లెక్కన సెకనుకు ఇరవైనాలుగు ఫ్రేములు. నెలల తరబడి ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని సుదర్శన్ వాటి గురించి చదవని పేజీ లేదు. లెన్సులు, చిప్పులు, బ్యాటరీలు అన్నీ నోటికి వచ్చు. కానీ తేల్చుకుంది మాత్రం తల్లి వంటింట్లో. ఒకే కిటికీ ఉన్న గది. తక్కువ వెల్తురులో ఏది బాగా చూస్తుందో తెలుసుకోవాలనుకున్నాడు.

పెద్ద కెమెరా పెట్టగానే సుబ్బరత్నమ్మ జుట్టు సర్దుకుంది. పైట నిండా కప్పుకుంది. ఫోటోకు కూర్చున్నట్టు బిగుసుకుపోయి, "ఏం మాట్లాడాల్రా?" అంది.

చిన్న కెమెరాను గట్టు మీద ఉప్పు జాడీ పక్కన పెట్టి, అతను కింద కూర్చుని బొరుగులు తింటూ ఊరి మాటలు మొదలుపెట్టాడు. కాసేపటికి ఆమె దాన్ని మరిచిపోయింది. మధ్యలో ఒక్కసారే అడిగింది. "నడుస్తాందా అది?"

"ఊరికే చూస్తాండా అమ్మా, చీకట్లో ఎట్ల వస్తాదో. సాయంత్రానికి తుడిపేస్తా."

"తుడిపేస్తావు కదా?"

"తుడిపేస్తా."

ఆ తర్వాతే అతను అడిగాడు, నువ్వు ఎప్పుడన్నా యాడికన్నా పోవాలనుకున్నావా అమ్మా అని. ఆమె చేతులు బ్యాళ్ళలో ఆగకుండా తిరుగుతూనే ఉన్నాయి. గొంతు మాత్రం మారింది. తెర మీద ఆ మొహాన్ని సుదర్శన్ మళ్ళీ మళ్ళీ వేసి చూశాడు. ఏ నటికీ అట్లా చెప్పడం చేతకాదు. చిన్న కెమెరానే కొందామని ప్రదీప్‌తో అప్పుడే చెప్పేశాడు.

"నేను అడిగినా కదా నిన్ను," అన్నాడు ప్రదీప్. "అమ్మకు చూపించినావా అని. చూపిస్తాలే అన్నావు. ఇంకో మాట కూడా అన్నా. 'బిందె మాదిరి' అన్నచోట కోయొద్దు, ఆమె తర్వాత చెప్పింది కూడా ఉంచు అన్నా."

"బిందె అన్నాక వరసగా కొళాయి కాడి ఖాళీ బిందెలు రావాల. ఆ కట్ అట్లుంటేనే..."

"అట్లుంటేనే బాగుంటాది. అవును, శానా బాగుంది. బెంగళూరోళ్ళు కూడా దానికే పడిపోయినారు." ప్రదీప్ ఒక కాగితం ముందుకు తోశాడు. ఈమెయిల్ ప్రింటు. బెంగళూరులో జరిగే చిన్న సినిమాల పండుగకు 'నీళ్ళ వేళ'ను ఎంపిక చేశారు. చివరి దృశ్యం చూసి ఎవరూ చాలాసేపు కుర్చీల్లోంచి లేవలేదని రాశారు.

సుదర్శన్ రెండుసార్లు చదివాడు. ఏడాదిగా ఎదురుచూసిన మాటలు అవి. కాగితాన్ని బోర్లా తిప్పి పెట్టాడు.

"ఆ దృశ్యం తీసేసి ఒకసారి వేసి చూపించు."

ప్రదీప్ వేశాడు. ఆడవాళ్ళు వస్తారు, బిందెలు పెడతారు, నీళ్ళు రావు, పోతారు. అయిపోయింది. ఇద్దరూ తెర వైపే చూస్తూ కూర్చున్నారు.

"ఇంగ ఇందులో ఏముంది?" అన్నాడు సుదర్శన్.

"నువ్వే చెప్పు," అన్నాడు ప్రదీప్.

*

మరుసటి రోజు నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా బస్సులో కూర్చున్నంతసేపూ ఏం చెప్పాలో మనసులో కూర్చుకున్నాడు. కడపలో దిగి, వాసవమ్మ చిన్నమ్మ ఇంటి ముందు నిలబడేసరికి అందులో ఒక్క మాటా మిగల్లేదు.

తలుపు తీసిన వాసవమ్మ అతన్ని పైనుంచి కింది దాకా చూసింది. భుజాన కెమెరా సంచి దగ్గర ఆమె చూపు ఆగింది.

"అది కూడా తెచ్చినావా? బయట పెట్టు."

"చిన్నమ్మా, అమ్మ..."

"బయట పెట్టు అన్నా."

చెప్పుల పక్కన పెట్టి లోపలికి వచ్చాడు. సుబ్బరత్నమ్మ నాపరాళ్ళ మీద కాళ్ళు చాపుకుని కూర్చుని పూలు కడుతోంది. కొడుకును చూసి కాళ్ళు ముడుచుకుంది.

"ఎండలో వచ్చినావే. మజ్జిగ తాగుతావా?"

ఆ మాట తిట్టినట్టే తగిలింది. తిట్టి ఉంటే బాగుండేది.

"అమ్మా, తప్పు చేసినా."

"నాయన తింటాండాడా?"

"తింటాండాడు. నిన్న అంగడి తెరిచినాడు." ఆ మాట చెప్పగలిగినందుకు అతనికి కొంచెం ఊపిరి ఆడింది. "సర్దిచెప్పినా అమ్మా. ఆయనకు ఇప్పుడు బాధ ల్యా. నవ్వుతాండాడు కూడా."

"ఏమని సర్దిచెప్పినావు?"

సుదర్శన్ ఆమె ముందున్న పూలను ఒక పక్కకు జరిపాడు.

"నిన్నే. ఏమని చెప్పినావు?"

"అది నేను రాసిచ్చిన మాటని. నువ్వు యాక్టింగ్ చేసినావని."

పూలు కట్టే చేతులు ఆగిపోయాయి. వాసవమ్మ వంటింటి గుమ్మంలోంచి ఒక అడుగు ముందుకేసి, అక్క మొహం చూసి, అక్కడే నిలబడిపోయింది.

"నువ్వు రాసిచ్చినావా?" అంది సుబ్బరత్నమ్మ మెల్లగా. "ముప్పై ఏండ్లకు నా నోట్లోంచి నా మాట ఒగటి బయటికొచ్చింది. బజార్లో పెట్టినావు. సరే, నా కొడుకు, తెలీక చేసినాడు అనుకున్నా. ఇప్పుడు ఆ మాట కూడా నాది కాదంటావా?"

"నాయన తట్టుకోలేకపోయినాడమ్మా. అంగడి కూడా తెరవకుండా..."

"నాకు తెలీదా? నేనేమన్నా కోపంతో వచ్చినానా ఈడికి? ఆయన మొగం ఎట్ల చూసేదని వచ్చినా. నలుగురిలో తల వంచుకుంది ఆయన. వంచింది నా మాట. అదీ నా తప్పే. నేను పోయి ఆయన ముందర కూర్చోని ఏదో ఒకటి చెప్పుకుంటా ఉంటి. నిజమనో, కాదనో. ఆ దారి కూడా మూసేసి వచ్చినావు."

సుదర్శన్ తల వంచుకున్నాడు. దారి మూసేస్తున్నానని అతనికి నిన్న తోచలేదు. తోచి ఉన్నా అదే చెప్పేవాడేమో. అది తెలిసి ఇంకా కుంగిపోయాడు.

సుబ్బరత్నమ్మ టీవీ వైపు తిరిగింది. "నేనింకా చూడలేదు దాన్ని. చూపించు."

"వద్దులేక్కా," అంది వాసవమ్మ.

"ఊరంతా చూసింది. నేను చూస్తే ఏం?"

బయటికి పోయి సంచిలోంచి డిస్కు తెచ్చి టీవీ కింద ప్లేయర్లో పెట్టాడు. సుబ్బరత్నమ్మ టీవీకి బాగా దగ్గరగా జరిగి కూర్చుంది. కళ్ళు చికిలించి చూసింది. కొళాయి కాడ ఆడవాళ్ళు పోట్లాడుకుంటుంటే ఒకచోట నవ్వింది కూడా. "మన మద్దమ్మ కదా ఆమె! ఎట్ల అరుస్తాందో చూడు."

తర్వాత తన మొహం వచ్చింది. ఆమె నవ్వు ఆపేసి, ఎవరో పరాయి మనిషి చెప్పేది విన్నట్టు విన్నది. బిందె మాదిరి ఒక మూల ఉండాను. వెంటనే తెర నిండా ఖాళీ బిందెలు. పేర్లు పడ్డాయి. అయిపోయింది.

"నేను తర్వాత చెప్పింది యాడ?" అంది.

సుదర్శన్ నేల వైపు చూశాడు. నిన్నంతా వెతికిన మాటలు అవే. అక్షరం అక్షరం అతనికి గుర్తున్నాయి. 'అట్ల అనుకుంటానే శానా ఏండ్లు పోయినాయి. గర్భసంచి ఆపరేషన్ అయినప్పుడు కండ్లు తెరిస్తే మీ నాయన బెంచీ మీద ఉండాడు. అంగడి మూసి వచ్చినాడు. ఒక్క మాట మాట్లాడలేదు. నా కాళ్ళు చల్లగుండాయని తన తువ్వాల కప్పినాడు. అడగడం రాదు ఆయనకు. చూసుకోవడం వచ్చు.'

"కోసేసినా అమ్మా."

"కోసి యాడ పెట్టినావు?"

"యాడా లేదు. తుడిపేసినా."

సుబ్బరత్నమ్మ టీవీ ఆపేసింది.

"తుడిపేస్తానంటివి. నమ్మినా. చెప్పినట్టే తుడిపినావు. ఏది ఉంచినావో, ఏది తుడిపినావో ఒకసారి చూసుకో నాయనా."

"ఆ ముక్క ఉంటే కథకు బరువు రాదనిపించిందమ్మా. అప్పుడు అంతే అనుకున్నా. వేరే ఏమీ అనుకోలేదు." అతను తలుపు వైపు చూశాడు. "కెమెరా తెచ్చినా. మళ్ళీ ఒకసారి చెప్తావా? ఇప్పుడే చేరుస్తా. నాయనకు చూపిస్తా. ఊరందరికీ చూపిస్తా."

"అప్పుడు నేను చెప్పింది నీకురా. కెమెరాకు కాదు."

"అమ్మా..."

"ఇప్పుడు చెప్పమంటే నోటికొస్తాదో రాదో నాకే తెలీదు. మొదటి ముక్క టీవీలో విన్నాక, అదే నిజమేమో అనిపిస్తాంది నాకు కూడా."

వాసవమ్మ మజ్జిగ గ్లాసు తెచ్చి అతని ముందు పెట్టింది. అతను తాగలేదు. ఆమె తాగమని కూడా అనలేదు.

*

ఎండ తగ్గుతుండగా వీధిలో కారు ఆగిన చప్పుడైంది. వాసవమ్మ కిటికీలోంచి చూసి కంగారుగా వెనక్కి తిరిగింది.

"అక్కా, బావ!"

సుబ్బరత్నమ్మ లేచి నిలబడింది. ఒళ్ళోని పూలన్నీ కింద పడ్డాయి. ఈ ముప్పై ఏళ్ళలో ఆయన ఆమె కోసమని ఏ ఊరికీ వచ్చింది లేదు.

తిరుమలయ్య తలుపు దగ్గరే చెప్పులు విడిచి, వగరుస్తూ లోపలికి వచ్చాడు. గడ్డం నున్నగా గీసుకున్నాడు. భార్యను చూశాడు, చూసి ఏం చేయాలో తెలియక జేబులో చెయ్యి పెట్టి ఒక డబ్బీ తీశాడు.

"కండ్లద్దాలు మరిచిపోయి వచ్చినావు. టీవీ కాడ ఉండాయి. అవి లేకుండా ఎట్ల ఉంటాండావు?"

ఆమె తీసుకుంది. చేతిలో పట్టుకుని నిలబడింది. పెట్టుకోలేదు.

"కూర్చో బావా," అంది వాసవమ్మ.

"కూర్చోడానికి టైము ల్యామ్మా. కారు మా బజారు వ్యాపారుల సంఘం ప్రెసిడెంటుది. బయట డ్రైవరు ఉండాడు. ఈమెను తీసుకోని పోవాల." ఆయన ఒకసారి గొంతు సవరించుకున్నాడు. సంతోషం దాచుకోవడం ఆయనకు చేతకావడం లేదు. "నిన్నట్నుంచి బజారంతా ఇదే మాట. నవ్వినోళ్ళే వచ్చి చేతులు పట్టుకున్నారు. తిరుమలయ్య భార్య అంత బాగా యాక్టింగ్ చేసిందా అని. రేపు కల్యాణమండపంలో మనోళ్ళంతా చేరతాండారు. నీకు శాలువా కప్పుతారంట."

సుదర్శన్ ఒక అడుగు ముందుకేశాడు. "నాయనా, అదంతా ఇప్పుడెందుకు..."

"ఎందుకేంది? నీకు కూడా కప్పుతారు. రాసింది నువ్వు కదప్పా."

వాసవమ్మ వంగి, కింద పడిన పూలు ఏరడం మొదలుపెట్టింది.

సుబ్బరత్నమ్మ కళ్ళద్దాలు తుడుచుకుని పెట్టుకుంది. మొగుడి మొహం చూసింది. చాలా ఏళ్ళ తర్వాత దగ్గరి నుంచి చూస్తున్నట్టు, చెంపలు, నుదుటి బొట్టు, చెమట అన్నీ చూసింది. తర్వాత కొడుకు వైపు తిరిగింది. సుదర్శన్ కళ్ళతోనే బతిమాలాడు. ఏమని బతిమాలుతున్నాడో అతనికే తెలియదు. నిజం చెప్పమనో, చెప్పొద్దనో.

"శాలువా కప్పినాక మైకు ఇస్తారా?" అడిగింది ఆమె.

"ఇస్తారు! రెండు మాటలు చెప్పాల్నంట నువ్వు." తిరుమలయ్య ఉత్సాహంగా కొడుకు భుజం తట్టాడు. "ఏమప్పా, దార్లో కార్లో కూర్చోని అమ్మకు ఆ రెండు మాటలు నువ్వే రాసియ్యి."

"వద్దు," అంది సుబ్బరత్నమ్మ. "నా మాటలు నేనే చెప్పుకుంటా."

సంచి తీసుకుని, చీరలు మడత పెట్టుకుని, చెల్లెలికి చెప్పి గడప దాకా వచ్చింది. బయట చెప్పుల పక్కన పెట్టిన కెమెరా సంచిని తనే వంగి తీసి కొడుకు చేతికిచ్చింది.

"రేపు ఇది తెచ్చుకోని ముందు వరసలో కూర్చో. నేను ఏం చెప్పినా సరే, మధ్యలో ఆపొద్దు."

తిరుమలయ్య నవ్వు మొహం మీదే ఉండిపోయింది. ఒకసారి భార్యను, ఒకసారి కొడుకును చూశాడు.

"మధ్యలో ఆపడమేంది?" అన్నాడు.

సుబ్బరత్నమ్మ సంచి పట్టుకుని కారు వైపు నడిచింది. డ్రైవరు కారు వెనక తలుపు తెరిచి పట్టుకున్నాడు.